పాత వంతెనకి వరద గండం: కంటిచూపా, లెక్కా, సెన్సరా, ఏది మేలు?

పాత వంతెన ఈసారి వరదకి ఆగుతుందా లేదా అని తేల్చడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: మనిషి వెళ్లి చూసి రావడం, కాగితం మీద లెక్క కట్టడం, సెన్సర్లు పెట్టి కనిపెట్టుకుని ఉండడం. ఏది మేలో చెప్పే ముందు ఒక మాట. వరద వంతెన పైభాగాన్ని తోసేయడం కంటే, స్తంభాల చుట్టూ సుడి తిరిగి పునాది కింద మట్టిని తవ్వుకుపోవడం వల్లే ఎక్కువ వంతెనలు కూలాయి. ఇంజనీర్లు దీన్ని స్కవర్ అంటారు.

కంటిచూపు తనిఖీకి ఖర్చు తక్కువ, పగుళ్లూ తుప్పూ స్తంభాలకి అడ్డంపడ్డ దుంగలూ బాగానే దొరుకుతాయి. కానీ గండం ఉన్నది నీళ్ల కింద. ఐర్లండ్‌లో మలహైడ్ రైలు వంతెనని మూడు రోజుల ముందే ఇంజనీర్ వచ్చి చూసి వెళ్లారు, అయినా 2009 ఆగస్టు 21న దాని స్తంభం ఒకటి కూలింది. ఇంకో చిక్కుంది, నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే: వరద ఉద్ధృతిలో పడిన గుంట, నీరు తగ్గేటప్పుడు వదులు ఇసుకతో మళ్లీ పూడిపోతుంది, తర్వాత వెళ్లి చూస్తే అంతా మామూలుగానే కనిపిస్తుంది, ఆ ఇసుకకి మాత్రం బలం ఉండదు.

లెక్క అలా మోసపోదు. ఎంత వరద వస్తుంది, అడుగున ఇసుకా బంకమట్టా, స్తంభం వెడల్పెంత, ప్రవాహం ఏటవాలుగా తగులుతోందా, ఇవి తెలిస్తే కోత ఎంత లోతుకి వెళ్తుందో అంచనా వస్తుంది. దాన్ని పునాది లోతుతో పోల్చాలి. ఇక్కడే వయసు ఒక్కటే కొలత కాదని తెలుస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహారీ వాగు మీద వంతెన 1954లో తెరిచారు, 1987 ఏప్రిల్ 5న కూలి 10 మంది పోయారు, పునాదులు లోతు లేకపోవడమే దాని బలహీనత. అయితే చాలా పాత వంతెనలకి డ్రాయింగులే దొరకవు, పునాది లోతు తెలియకపోతే లెక్క సగంలో ఆగిపోతుంది, బోరు వేసైనా అది తేల్చుకోవాలి. ఇసుక తవ్వకాలతో నది అడుగు దిగిపోతే పాత లెక్క కూడా చెల్లదు. పోర్చుగల్‌లో 2001 మార్చి 4న డౌరో నది మీద వంతెన కూలి 59 మంది చనిపోయారు, అక్కడ ఏళ్ల తరబడి ఇసుక తీశారు.

సెన్సర్ల గొప్పంతా వరద నడుస్తున్నప్పుడే, మనిషి దిగలేని చోట సోనార్ (శబ్ద తరంగాలతో లోతు పట్టే పరికరం) అడుగుని కొలుస్తుంది. కొట్టుకొచ్చే దుంగ తగిలితే అదే ముందు పోతుంది. వంపు కొలిచే పరికరం స్తంభం కదిలాకే చెబుతుంది, రాతి ఆర్చి వంతెనకి అప్పుడు మిగిలే టైం చాలా తక్కువ.

నా లెక్కలో వంతెనలు ఎక్కువా డబ్బు తక్కువా ఉన్నచోట మొదటి ఖర్చు సెన్సర్ మీద పెట్టకూడదు. లెక్కతో ప్రమాదకరమైనవాటిని వేరు చేసి, ఏటా వానలకి ముందూ తర్వాతా, పెద్ద వరద వచ్చినప్పుడల్లా, అవే చోట్ల బరువు కట్టిన తాడుతోనైనా సరే నది అడుగు లోతు కొలిచి, పాత కొలతల పక్కన రాసిపెట్టాలి. పూడిన గుంట తాడుకి దొరకదు, అందుకే లెక్క కూడా కావాలి. సెన్సర్లు ఆ జాబితాలో పైనున్న కొన్నిటికే. స్తంభం మీద ఒక నీటిమట్టం గుర్తు గీసి, అది దాటగానే రోడ్డు మూసే అధికారం కాపలా ఉన్న మనిషికే ఇవ్వాలి, పైనుంచి ఫోన్ కోసం అతన్ని ఆపకూడదు.