సిక్కోలు ఇళ్లలో బస: క్లీనింగ్ డబ్బులు, డిపాజిట్ల గొడవ

ఆమదాలవలసలో మా ఇల్లు ఖాళీ అయింది. నెలవారీ అద్దెకిద్దామా, ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లకి రోజువారీగా ఇద్దామా అని ఇంట్లో తర్జనభర్జన. రోజువారీకి మా ఇల్లు కలిసొచ్చేదే. రైల్లో శ్రీకాకుళం, అదే మా సిక్కోలు, వచ్చేవాళ్లు దిగే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలోనే. ఊళ్లోకి అక్కణ్ణించి బస్సో ఆటోనో పట్టుకోవాల్సిందే. సరే, ముందు మనమే డబ్బులిచ్చి నాలుగు చోట్ల ఉండి చూస్తే ఎవరు దేనికెంత పుచ్చుకుంటున్నారో తెలుస్తుంది కదా అంది మా ఆవిడ. సంక్రాంతి రద్దీ తగ్గి, రథసప్తమి రద్దీ మొదలవ్వకముందు బయల్దేరాం.

మొదటి బస అరసవల్లి గుడికి నడిచి వెళ్లే దూరంలో, కింద వాటా. రెండు గదులు, వంటిల్లు, రోజుకి 2,000. ఫోన్లో చెప్పింది అంతే. తీరా తాళం చెవి చేతికిచ్చేటప్పుడు క్లీనింగుకి 500, డిపాజిట్ 3,000 అన్నాడు ఇంటాయన. "అందరి దగ్గరా తీసుకుంటాం సార్." తీసుకుంటే తీసుకోండి గానీ, ఫోన్లో చెప్పడానికి ఏమైంది? బ్యాగులు దింపేశాక, ఆటో వెళ్లిపోయాక చెప్తే వెనక్కి వెళ్లేదెవరు? ఇల్లు మాత్రం బాగుంది, అబద్ధమెందుకు. తెల్లారకుండానే స్నానాలు చేసి గుడికి వెళ్లిపోవచ్చు. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఆ రోజుల్లోనూ, ఆదివారాల్లోనూ గుడి దగ్గర బస దొరకడమే గొప్ప.

ఖాళీ చేసిన రోజు సాయంత్రం డిపాజిట్‌లో 2,100 ఫోన్‌పేకి వచ్చింది. మిగతా 900 ఏమయ్యాయంటే వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు: తెల్ల దుప్పటి మీద అరచేతి మందాన ఎర్రటి మరక. మా అమ్మ కాళ్లకి పసుపు రాసుకుంది, అది అంటింది, నిజమే. కానీ పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, తడి బట్ట ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. ఈ సంగతి సిక్కోల్లో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. ఆయన సబ్బు పెట్టి, ఎర్రబడ్డది ఫొటో తీసి, కొత్త దుప్పటి ఖరీదంతా కోసేశాడు. మరి క్లీనింగుకని తీసుకున్న 500 దేనికి? మరక వదిలించడం అందులోకి రాదా? దుప్పటి పాడైందనే అనుకుందాం, వాడిన దుప్పటికి కొత్త దుప్పటి ధరా? పసుపు రాసుకుని సూర్యుడి గుడికి వెళ్లేవాళ్లకి ఇల్లిచ్చేవాడు తెల్ల దుప్పట్లు పరచడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దారిలో శ్రీకూర్మం. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపం గోడల మీది పాత రంగుల బొమ్మలు చూడ్డానికి తీరిగ్గా ఒక పూట పెట్టుకోండి. పిల్లలు ఎలాగూ నక్షత్ర తాబేళ్ల దగ్గర్నుంచి కదలరు. శాలిహుండం కొండ ఎక్కితే బౌద్ధ స్తూపాల పక్కనుంచి వంశధార కనిపిస్తుంది. ఎండ ఎక్కకముందే వెళ్లాలి, నీళ్లు వెంట ఉండాలి.

రెండో బస కళింగపట్నంలో. వంశధార సముద్రంలో కలిసే ఊరు. లైట్‌హౌస్, సరుగుడు తోటలు, పొడుగాటి ఇసుక తీరం. ఇంటివాళ్లు విశాఖలో ఉంటారు, ఇక్కడ చూసుకునేది ఒక పెద్దావిడ. క్లీనింగ్ ఛార్జీ లేదు. డిపాజిట్ వెయ్యి, అదీ నగదు. గేటు పక్కనే మోకాలి ఎత్తున ఒక కుళాయి, దాని కింద సిమెంటు తొట్టి, పక్కన కొబ్బరి పీచు పట్టా, తాడు మీద పాత తువ్వాళ్లు. మేం బీచ్ నుంచి రాగానే ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"బాబూ, ఇసకతో లోనికి రాకండి, కాళ్లు ఆ కుళాయి కాడ కడుక్కోండి. తుడుసుకోడానికి నాకేటి బాధ నేదు. తూములోకి ఇసక ఎల్లిపోతే ఆ గొట్టం ఇప్పడానికి టౌను నుంచి మడిసి రావాల. ఆడు ఊరికే వొత్తాడేటి?"

అదీ లెక్క. సముద్రం ఒడ్డు ఇంటికి అసలు ఖర్చు తుడవడం కాదు, బాత్రూం తూము. కుళాయి పెట్టించి ఆ ఖర్చు రాకుండానే చూసుకున్నారు, మా దగ్గర వసూలు చేసే పనే లేకపోయింది. వెళ్లేటప్పుడు ఆవిడ గదులన్నీ ఒక చుట్టు తిరిగి, గ్లాసులు లెక్కపెట్టి, కొంగున ముడేసుకున్న మా రెండు ఐదొందల నోట్లూ తీసి చేతిలో పెట్టింది. కారు స్టార్ట్ చెయ్యకముందే లెక్క తేలిపోయింది. ఈ ఇంట్లో కరెంటు పోతే ఫ్యాన్ తిరగదు, దోమలు బాగా ఉన్నాయి, చేపలు మనమే తెచ్చిస్తే ఆవిడ వండిపెడుతుంది. ఆ పులుసు కోసమైనా మళ్లీ వెళ్తాను.

అక్కణ్ణించి శ్రీముఖలింగం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ చూడాలి. తూర్పు గాంగుల కళింగనగరం ఇదే అంటారు. శిల్పం చూసేవాళ్లకి పండగే, బసకి మాత్రం శ్రీకాకుళం తిరిగొచ్చెయ్యడం మేలు. పైన టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలమంతా ఉంటాయి. పలాసలో జీడిపప్పు, మందసలో కోవా కొనుక్కుని వెనక్కి తిరిగాం.

ఈ మధ్యలో మా ఇంటి లెక్క కారులోనే వేశాం. తుడిచి కడిగే మనిషికి 400, దుప్పట్లు గలేబుల ఉతుకుడికి 200, ఫినాయిలూ సబ్బులూ ఒక 100. మొత్తం 700. ఒక్క రాత్రి ఉండి వెళ్లినా అంతే, మూడు రాత్రులున్నా అంతే. రోజుకి 1,800 అని ఒకే రేటు పెడితే ఒక్క రాత్రి వాళ్ల మీద మనకి మిగిలేది 1,100, మూడు రాత్రుల వాళ్ల మీద రోజుకి 1,560 పైచిలుకు. అందుకే చాలామంది క్లీనింగ్ విడిగా పెడతారు, దానికో న్యాయం ఉంది. కానీ విడిగా అడిగిన 500 అతిథికి గుచ్చుకుంటుంది, "డబ్బులిచ్చాంగా, వాళ్లే ఎత్తుకుంటార్లే" అని చెత్త కూడా ఎక్కడిదక్కడే వదిలేస్తాడు. మొదటి రాత్రి 2,200, రెండో రాత్రి నుంచి 1,600 అంటే సరిపోతుంది. శుభ్రం ఖర్చు మొదటి రాత్రిలోనే కలిసిపోతుంది. డిపాజిట్ కళింగపట్నం పద్ధతే, వెయ్యి. తాళం చెవి పోయినా, అద్దం పగిలినా దానికి. మరకలకీ దుమ్ముకీ అందులోంచి పైసా ముట్టుకోకూడదు. ఎయిర్‌బీఎన్‌బీ అని రోజువారీ బసలు బుక్ చేసే యాప్ ఉంది, అందులో పెడితే ఇంటివాళ్లు విడిగా డిపాజిట్ అడగడానికి ఆ కంపెనీ మామూలుగా ఒప్పుకోదు. ఏదైనా పాడైతే ఖాళీ చేసిన 14 రోజుల్లోపు ఫొటోలతో సహా ఆ యాప్‌లోనే అడగాలి.

నెలవారీకిస్తే లెక్క వేరు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని ఉంది. గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు యజమాని పనుల జాబితాలో ఉన్నాయి. కుళాయి వాషర్లు, తూము శుభ్రం అద్దెకున్నవాళ్ల జాబితాలో. ఒక్కో రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది, లాడ్జీలూ సత్రాలూ దాని కిందికి రావు. కానీ మనవైపు ఖాళీ చేసేటప్పుడు "పెయింటింగుకి" అని ఒక నెల అద్దె కోసుకునే అలవాటుందే, దానికి ఇది సూటిగా అడ్డం. మా పాత అద్దెదారు నుంచి మా నాన్న అలాగే కోసుకున్నారు. మా ఆవిడ ఆ మాట ఎత్తితే నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

విజయనగరం బస కంటోన్మెంటులో, రిటైరైన టీచరమ్మ గారి మేడ మీద. డిపాజిట్ లేదు, క్లీనింగ్ అద్దెలోనే. ఆధార్ జిరాక్స్ అడిగారు. చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తానంటే సరేనన్నారు. తర్వాత ఒక పాత రూళ్ల నోటుబుక్కు తెచ్చి మాతోపాటు ప్రతి గదీ తిరిగారు. గీజరు పనిచేస్తోంది, కుర్చీలు మూడు, బాత్రూంలో ఒక టైలు పగిలింది. "ఆ పగులు మీది కాదు బాబూ, మాదే, రాసేస్తున్నా" అని తేదీ వేసి నా చేత సంతకం పెట్టించారు. నేను ఫోన్లో వీడియో తీసుకుంటుంటే లైటు కూడా వేశారు. ఇబ్బందులు లేకపోలేదు. మెట్లు నిటారు, మా అమ్మ రెండుసార్లు ఆగి ఎక్కింది. వంటింట్లో మాంసం వండకూడదు. తెల్లవారుజామున మోటారు మోత.

అక్కణ్ణుంచి అన్నీ దగ్గరే. 1713లో కట్టించిన కోట, గంటస్తంభం, గురజాడ వారి ఇల్లు. 1919లో మొదలైన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. సాయంత్రం ఆ వీధిన వెళ్తే లోపల్నుంచి సాధన వినిపిస్తుంది. ఆటోలో రామతీర్థం వెళ్లొచ్చాం.

ఒక్క మనిషికి, ఒక్క రాత్రే అయితే నా ఓటు ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరి లాడ్జీకే. దుప్పటి, తువ్వాలు, ఊడ్పు అన్నీ గది అద్దెలోనే, డిపాజిట్ ఊసుండదు. ఇల్లు తీసుకోవాలంటే పెద్దవాళ్లూ పిల్లలూ ఉండాలి, వండుకునే పని ఉండాలి, కనీసం రెండు రాత్రులుండాలి.

దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వెళ్లేవాళ్లకి ఈ లెక్కలేవీ పనికిరావు. ఆ రోజుల్లో టీచరమ్మ గారు మేడ ఎవరికీ ఇవ్వరట, చుట్టాలతోనే నిండిపోతుందన్నారు. లాడ్జీ గది ముందే చెప్పుకుని, మీరు రాలేకపోతే ఇచ్చిన అడ్వాన్సు తిరిగిస్తారో లేదో మెసేజ్‌లో రాయించుకోండి.