ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళలో బీఐఎస్ కేర్ యాప్ ఎంతవరకు ఆదుకుంటుంది?

పసిడిపురిగా పేరున్న ప్రొద్దుటూరులో పెళ్ళి నగలు కొనే కుటుంబాలు ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసి ఉంది. పది గ్రాముల మేలిమి బంగారం ధర 2025లో లక్ష రూపాయలు దాటింది కనుక, స్వచ్ఛతలో ఒక్క క్యారెట్ తగ్గినా నష్టం వేల రూపాయల్లో ఉంటుంది. ధర పెరిగేకొద్దీ “బిల్లు వద్దంటే జీఎస్టీ మిగులుతుంది”, “ఇది కేడీఎం, హాల్‌మార్క్‌తో పనేముంది” అని నచ్చజెప్పేవారూ పెరుగుతారు (కేడీఎం అంటే కాడ్మియం కలిపి అతికిన బంగారం, హాల్‌మార్క్ అంటే స్వచ్ఛతను పరీక్షించి వేసే ముద్ర). ఇలాంటి మాటలకు తలొగ్గకుండా నిలబడటానికి, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఉచితంగా ఇస్తున్న బీఐఎస్ కేర్ యాప్ ప్రతి ఇంట్లో ఒకరి ఫోన్‌లోనైనా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

దీన్ని వాడటం కష్టం కాదు. హాల్‌మార్క్ నగ మీద బీఐఎస్ త్రికోణపు ముద్ర, స్వచ్ఛత అంకె (22 క్యారెట్లయితే 22కె916, అంటే వెయ్యి పాళ్ళలో 916 మేలిమి), అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు స్థానాలుండే హెచ్‌యూఐడీ నంబరు (ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటాయి. ఈ నంబరు లేని హాల్‌మార్క్ నగలను 2023 ఏప్రిల్ 1 నుంచి అంగళ్ళలో అమ్మకూడదు. యాప్‌లో ‘వెరిఫై హెచ్‌యూఐడీ’ అన్నచోట ఆ నంబరు కొడితే నగల వ్యాపారి రిజిస్ట్రేషన్, పరీక్షించిన కేంద్రం, వస్తువు రకం, స్వచ్ఛత తెరమీదికి వస్తాయి. ముద్ర చాలా సన్నగా ఉంటుంది కాబట్టి భూతద్దం అడగండి. పది రెట్లు పెద్దదిగా చూపే అద్దాన్ని అంగట్లో ఉంచవలసిన బాధ్యత వ్యాపారిదే.

అయితే నంబరుకు వివరాలు రాగానే సంతోషపడి డబ్బు కట్టేయకూడదు. మా చిన్నమ్మ కూతురి పెళ్ళికి ఒక అంగట్లో గొలుసు చూసినప్పుడు కొక్కెం పక్కనున్న నంబరు కొడితే స్వచ్ఛత సరిగ్గానే వచ్చింది కానీ, వస్తువు రకం దగ్గర ఉంగరమని ఉంది. “కంప్యూటర్‌లో తప్పు పడుంటుంది లేమ్మా, మా మాట నమ్మండి” అన్నాడు అమ్మే అబ్బాయి. చిన్నమ్మ ఒక్క మాట కూడా వాదించకుండా గొలుసు తిరిగి ట్రేలో పెట్టేసి లేచింది. ఆమె చేసిందే సరైన పని. యాప్ పరీక్షించేది నంబరును మాత్రమే, లోహాన్ని కాదు. ఒక నగ మీది నంబరును మరో నాసిరకం నగ మీద చెక్కినా తెరమీద వివరాలు చక్కగానే కనిపిస్తాయి. అందుకే వస్తువు రకం, స్వచ్ఛత, వ్యాపారి వివరాలు మూడూ చేతిలోని నగతోనూ బిల్లుతోనూ సరిపోవాలి.

బిల్లు విషయంలో మాత్రం యాప్ ఏ సాయమూ చేయలేదు, అక్కడ మనమే పట్టుబట్టాలి. కచ్చా చీటీ ఎందుకూ కొరగాదు. రాళ్ళ బరువు తీసివేసిన నికర బంగారం బరువు, క్యారెట్లు, హాల్‌మార్కింగ్ రుసుము విడివిడిగా రాసిన పక్కా బిల్లే తీసుకోవాలి. రాళ్ళ నెక్లెస్ మొత్తాన్ని తూచి బంగారం ధర కట్టే మోసం ఏ యాప్‌కూ దొరకదు. తరుగు, మజూరీ ఎంతో ముందే అడిగి, వాటిని కూడా రాయించుకోవాలి.

అనుమానం తీరకపోతే బీఐఎస్ గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రంలో సొంతంగా పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు వస్తువుల వరకు రుసుము 200 రూపాయలు. హాల్‌మార్క్ నగలో చెప్పినదానికంటే స్వచ్ఛత తగ్గితే, 2018 నాటి బీఐఎస్ నియమాల ప్రకారం ఆ తగ్గినదాని విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా పరిహారంగా రావాలి. ఉదాహరణకు 916 అని అమ్మిన ఇరవై గ్రాముల గొలుసు 833గా తేలితే లోటు 1.66 గ్రాముల మేలిమి, పరిహారం 3.32 గ్రాముల విలువ. బిల్లు లేనివారికి ఈ హక్కు సాధించుకోవడం చాలా కష్టమవుతుంది. జీఎస్టీ మిగులుతుందన్న ఆశతో వదులుకొనేది దీన్నే.

ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్న అంగళ్ళకు, రెండు గ్రాముల కంటే తక్కువ బరువున్న వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కాబట్టి ముక్కుపుడకలు, చిన్నపిల్లల కమ్మలు కొనేటప్పుడు యాప్ వల్ల ప్రయోజనం ఉండకపోవచ్చు. ఇంట్లోని పాత హాల్‌మార్క్ నగల మీద హెచ్‌యూఐడీ లేదని చెప్పి మార్పిడిలో ధర తగ్గించబోతే మాత్రం ఒప్పుకోవద్దు; ఆ నిబంధన వ్యాపారి అమ్మకానికే కానీ మన బీరువాలోని నగలకు కాదు.

యాప్‌ను అధికారిక ప్లే స్టోర్ నుంచే దించుకోవాలి, ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నుంచి కాదు. బ్యాంకు ఖాతా వివరాలతో దీనికి పనే లేదు, అడిగితే అది నకిలీదే. వివరాలు సరిపోలకపోతే ఫిర్యాదు ఇందులోనే పెట్టవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కూడా చేయవచ్చు.