సియోల్ నుంచి జానపద ప్రదర్శనల డే టూర్ కొంటున్నారా? బస్సు వేళలు రాతలో తీసుకోకుండా డబ్బు కట్టకండి

కొరియా చూడడానికి వచ్చే మనవాళ్ళకూ, ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తిప్పి చూపించాలనుకునే వాళ్ళకూ ఈ హెచ్చరిక. "కొరియన్ జానపద ప్రదర్శనలు, ఒక్క రోజు యాత్ర" అని ఆన్‌లైన్‌లో అమ్మే బస్సు ప్యాకేజీలు చాలా ఉన్నాయి. కొనేముందు ఒక్క విషయం తేల్చుకోండి. బస్సు మిమ్మల్ని ఆ ప్రదర్శనలు జరిగే యోంగిన్ జానపద గ్రామం గేటు దగ్గర ఎన్ని గంటలకు దింపుతుంది, మళ్ళీ ఎన్ని గంటలకు ఎక్కించుకుంటుంది? ఈ రెండూ రాసి ఇవ్వని వాళ్ళకు డబ్బు కట్టవద్దు. మేం కొన్న ప్యాకేజీ పేజీ నిండా ప్రదర్శనల ఫొటోలే. చివరికి మేం చూసింది గుర్రాల ఆటలో ఆఖరి కాస్త మాత్రమే.

ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలే వేరే పేర్లతోనూ కనిపిస్తున్నాయి, అందుకని ఆ రోజు జరిగిందంతా వరసగా చెబుతాను.

మాది మదనపల్లె దగ్గర పల్లె. నాన్న వయసులో ఉన్నప్పుడు చెక్కభజన బృందంలో ఆడిన మనిషి. కొరియాలో రాజభవనాలు, టవర్లు కాదు, పల్లె జనం ఆటపాటలు చూడాలని ఆయన కోరిక. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. రైళ్ళు, బస్సులు మారడం కష్టమని, హోటల్ దగ్గర ఎక్కించుకుని తిరిగి అక్కడే దింపే టూర్ చూశాను. తలకు 85,000 వోన్లు. పేజీలో నోంగాక్ (రైతుల మేళం), జుల్తాగి (తాడు మీద నడక), గుర్రపు విన్యాసాలు, ముసుగు నాట్యం అని నాలుగూ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అడుగున చిన్న అక్షరాల్లో "ట్రాఫిక్‌ను బట్టి కార్యక్రమం మారవచ్చు" అని ఒక వాక్యం. ఇప్పుడు వాళ్ళ వాదన అంతా ఆ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది.

ఉదయం ఎనిమిదిన్నరకు బస్సు బయలుదేరింది. ముందు సువోన్ కోట. 1796లో జోంగ్జో రాజు కాలంలో పూర్తయిన హ్వాసోంగ్ గోడ అది, యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దానికి ఇరవై నిమిషాలు, ఫొటోలకు మాత్రమే. సరే, అది దారిలో ఉన్న ఊరే కదా అనుకున్నాం. అక్కడి నుంచి నేరుగా జానపద గ్రామానికి వెళ్తే పెద్ద దూరం కాదు, రెండూ పక్కపక్క పట్టణాల్లోనే ఉన్నాయి. కానీ బస్సు "కొరియా సంస్కృతి కేంద్రం" అనే చోటికి వెళ్ళింది. పేజీలో ఈ పేరే ఉంది. లోపలికి వెళ్తే అది జిన్సెంగ్ అనే మందు వేరు అమ్మే షాపు.

ఈ షాపు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళకు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. ఆరేళ్ళ వయసున్న వేరు, ఎర్రగా ఉడికించి ఎండబెట్టింది, దాని సారం అని చిన్న గ్లాసుల్లో పోసి ఇచ్చారు. ఆ తర్వాత షుగర్ తగ్గుతుంది, బీపీ తగ్గుతుంది, మోకాళ్ళ నొప్పి పోతుంది అని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ మోకాలు పట్టుకుని కూర్చోవడం చూసిన అమ్మాయి ఆమె పక్కనే తిష్ఠ వేసింది. నాన్న పదేళ్ళుగా షుగర్ మాత్రలు వేసుకుంటున్నారు. జిన్సెంగ్ రక్తంలో చక్కెరను తగ్గించగలదు. షుగర్ మందులతో కలిపి వాడితే అది మరీ పడిపోయే ప్రమాదం ఉంది. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళకూ దీనితో ఇబ్బంది వస్తుంది. డాక్టర్‌ను అడగకుండా ఒక్క చుక్క కూడా తాగించకండి. మేం తీసుకోం అన్నాక కూడా గైడ్ వచ్చి "మీ కోసమే డిస్కౌంట్ మాట్లాడాను" అని కూర్చున్నాడు. అక్కడ గంటకు పైగా పోయింది. బయటికి వెళ్దామంటే బస్సు డోర్ తాళం వేసి ఉంది, డ్రైవర్ కనిపించలేదు.

భోజనం సంగతి ఒక్క మాటలో చెబుతాను. శాకాహారం ఉంటుందని బుక్ చేసేటప్పుడు ఒప్పుకున్నారు, వచ్చింది తెల్ల అన్నం, సముద్రపు నాచు, కిమ్చి అనే ఊరబెట్టిన కూర. ఇక్కడ కిమ్చిలో సాధారణంగా ఉప్పు వేసి ఊరబెట్టిన రొయ్యలో, చేపల రసమో కలుస్తుంది. నిష్ఠగా ఉండేవాళ్ళు అది కూడా తినలేరు.

భోజనం తర్వాత మళ్ళీ ఒక కాస్మెటిక్స్ షాపు. పేజీలో దాని ఊసే లేదు. నాన్న రెండుసార్లు గడియారం చూసి "ఆట ఎన్ని గంటలకు నాయనా?" అని అడిగారు. గైడ్‌ను అడిగితే "ఆటలు రోజంతా ఉంటాయి" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం.

యోంగిన్‌లోని కొరియన్ జానపద గ్రామం 1974లో తెరిచిన పెద్ద ఆరుబయలు మ్యూజియం. జోసన్ రాజుల కాలం నాటి పల్లె ఎలా ఉండేదో చూపించడానికి 260కి పైగా ఇళ్ళు అక్కడ నిలబెట్టారు. పూరిళ్ళు, పెంకుటిళ్ళు, కమ్మరి కొట్టు, బజారు అన్నీ ఉంటాయి. ఆ గ్రామం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ళు చెప్పింది చెప్పిన వేళకు చేస్తారు. ప్రదర్శనలకు గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది, వెబ్‌సైట్‌లోనూ పెడతారు. ప్రతి ఆటకూ పగటిపూట నిర్ణీత వేళలు, ఒక నిర్ణీత చోటు. ఆ వేళలు దాటితే మళ్ళీ మరుసటి రోజే. బస్సు మమ్మల్ని దింపేసరికి మూడు దాటింది. బోర్డు చూస్తే నోంగాక్ అయిపోయింది, జుల్తాగి అయిపోయింది, పెళ్ళి తంతు కూడా అయిపోయింది. పరుగు లాంటి నడకతో వెళ్తే గుర్రాల మైదానంలో రౌతు గుర్రం వీపు మీద నిలబడి ఒక చుట్టు తిరిగి జనానికి నమస్కారం పెడుతున్నాడు. నాలుగుంబావుకి బస్సు దగ్గర ఉండాలని గైడ్ ఆజ్ఞ.

ఏం పోయిందో తెలియాలంటే అవి ఏ పాటి కళలో తెలియాలి. నోంగాక్ అంటే రైతుల మేళం. నాట్లప్పుడు, పండగలప్పుడు ఊరి క్షేమం కోసం వాయించేది. చిన్న జేగంట క్వెంగ్వారి పట్టుకున్న నాయకుడు ముందు నడుస్తాడు, వెనక పెద్ద జేగంట జింగ్, నడుము సన్నగా ఉండే వాద్యం జాంగు, డోలు లాంటి బుక్. ఆడేవాళ్ళు తల మీది టోపీకి కట్టిన పొడవాటి తెల్ల రిబ్బన్‌ను మెడ కదలికతోనే గాలిలో గుండ్రంగా తిప్పుతారు. దీన్ని యునెస్కో 2014లో తన జాబితాలో చేర్చింది. జుల్తాగి అంటే తాడు మీద నడక, అది 2011లో చేరింది. ఇందులో నడక సగమే. పైన విసనకర్ర పట్టుకున్న ఆటగాడు, కింద ఒక హాస్యగాడు మాటకు మాట విసురుకుంటూ ఉంటారు, పక్కన మేళం వాయిస్తుంటుంది. మన దొమ్మరి ఆటలో పైనున్న మనిషికీ కింద డోలు వాయించే మనిషికీ మధ్య నడిచే సంభాషణ చూసినవాళ్ళకు భాష రాకపోయినా ఇది అర్థమవుతుంది. నాన్నకు చూపించాలనుకున్నది సరిగ్గా ఇదే. ఖాళీ తాడు కింద నిలబడి ఆయన "పోన్లే అమ్మా" అన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంకొక మోసం ఇంటికి వచ్చాక బయటపడింది. టూర్ పేజీలో ముసుగు నాట్యం కింద పెట్టిన ఫొటోలు, దవడ విడిగా కదిలే ఆ నవ్వు ముఖాల చెక్క ముసుగులు, హాహ్వే ఊరివి. ఆ ఊరు ఆండోంగ్ దగ్గర ఉంది, సియోల్ నుంచి వేగం రైల్లోనే ఆండోంగ్‌కు దాదాపు రెండు గంటలు. యోంగిన్ వెళ్ళే బస్సు అక్కడికి వెళ్ళే ప్రసక్తే లేదు. కాబట్టి ఫొటోలో ఉన్న ఆట ఏ ఊరిదో, మీ బస్సు ఏ ఊరు వెళ్తుందో పోల్చి చూడండి. రెండూ కలవకపోతే ఆ పేజీలో మిగతా మాటలు కూడా నమ్మనక్కర్లేదు.

కొనేముందు చాట్‌లో అడగాల్సినవి ఇవీ. షాపు ఎన్ని, ఒక్కో చోట ఎంతసేపు? "సంస్కృతి కేంద్రం", "అనుభవ కేంద్రం" అని రాసి ఉంటే అక్కడ ఏం అమ్ముతారు? వాన పడితే, చలి ఎక్కువైతే బయట ఆడే తాడు ఆట, గుర్రాల ఆట ఆగిపోతాయి, అప్పుడు డబ్బు సంగతేమిటి? జవాబులో "సాధారణంగా", "దాదాపుగా" అనే మాటలు వస్తే ఇంకోసారి అడగండి. వచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసుకోండి.

నన్నడిగితే ఈ గ్రామానికి టూరే అవసరం లేదు. సుఇన్-బుందాంగ్ మెట్రో లైన్‌లో సాంగ్గాల్ స్టేషన్‌లో దిగితే గ్రామం దగ్గరే, పెద్దవాళ్ళు ఉంటే అక్కడి నుంచి టాక్సీ. డ్రైవర్‌కు కొరియన్‌లో ఆ గ్రామం పేరు "హంగుక్ మిన్సోక్‌చోన్" అంటే చాలు. ప్రదర్శనలన్నీ ప్రవేశ టికెట్‌లోనే కలిసి ఉంటాయి, విడిగా కట్టేది లేదు. ఉదయమే చేరి, బోర్డు ఫొటో తీసుకుని, ఆ వేళల చుట్టూ మీ రోజు అమర్చుకోండి. తాడు ఆటే ముఖ్యం అనుకునేవాళ్ళు ఆన్సోంగ్ కూడా చూడొచ్చు. ఊరూరా తిరిగి ఆడిన నామ్సాదాంగ్ బృందాల ఊరది. మేళం, పళ్ళెం తిప్పడం, పిల్లిమొగ్గలు, తాడు మీద నడక, ముసుగు ఆట, బొమ్మలాట, ఆరూ వాళ్ళ విద్యలే. 19వ శతాబ్దంలో బాఉదోగి అనే ఆడమనిషి ఆ బృందానికి నాయకురాలిగా ఉండేది. అక్కడ ప్రదర్శనలు సీజన్‌లో వారాంతాల్లోనే ఉంటాయి, తేదీ చూసుకుని వెళ్ళండి.

ఇప్పటికే మోసపోయిన వాళ్ళు 1330కి ఫోన్ చేయండి. కొరియా పర్యాటక సంస్థ హెల్ప్‌లైన్ అది, ఇంగ్లీషులో మాట్లాడతారు, ఫిర్యాదు కూడా తీసుకుంటారు. మేం చేశాక కంపెనీ దిగి వచ్చి తర్వాతి టూర్‌కు కూపన్ ఇస్తామంది. వద్దన్నాం, డబ్బే కావాలన్నాం. మా దగ్గర పనికొచ్చినవి మూడు: టూర్ పేజీ స్క్రీన్‌షాట్లు, షాపు ముందు తీసిన ఫొటోల మీది సమయం, గేటు దగ్గరి వేళల బోర్డు ఫొటో. కంపెనీ వాళ్ళు మా ఫిర్యాదు వెళ్ళిన వారానికే పేజీలో "ముసుగు నాట్యం" అనే మాట తీసేశారు. కాబట్టి మీరు డబ్బు కట్టిన రోజే పేజీ మొత్తం, కింది చిన్న అక్షరాలతో సహా, సేవ్ చేసి పెట్టుకోండి.