కెంటకీలో కోట, మిజోరీలో ఇల్లు: డానియల్ బూన్ కుటుంబం జాడల్లో

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌కి చుట్టాలొస్తే మనవాళ్ళు గుర్రాల ఫారాలు తిప్పి పంపేస్తారు. మేం ఈసారి, 18వ శతాబ్దంలో తెల్లవాళ్ళకు కెంటకీ దారి చూపించిన వేటగాడు డానియల్ బూన్ కుటుంబం బతికిన చోట్లు చూద్దామని బయల్దేరాం.

మొదట ఫోర్ట్ బూన్స్‌బరో స్టేట్ పార్కు. 1775లో బూన్ ట్రాన్సిల్వేనియా కంపెనీ అనే భూముల వ్యాపార సంస్థ తరఫున కంబర్లాండ్ గ్యాప్ అనే కనుమ మీదుగా అడవిలో దారి కొట్టించి, కెంటకీ నది ఒడ్డున ఊరు పెట్టాడు. ఇప్పుడు కనిపించే కోట 1974లో కట్టిన నమూనా. అసలుది ఇంకా దిగువన, నది పక్కన ఉండేది. దుంగల గదుల్లో ఆనాటి బట్టలు వేసుకున్నవాళ్ళు కొలిమి పని, సబ్బు తయారీ చేసి చూపిస్తారు. పిల్లలు కదలనంటారు. 1776లో బూన్ కూతురు జెమైమానూ, కాలవే అక్కచెల్లెళ్ళనూ పడవలో ఉండగా షానీ, చెరోకీ అనే స్థానిక తెగలవాళ్ళు ఎత్తుకుపోతే, రెండు రోజుల తర్వాత బూన్ విడిపించుకొచ్చిన కథ ఇక్కడిదే. ఈ కథ వినేటప్పుడు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ నేలను చెరోకీల దగ్గర కొన్నామని కంపెనీ అంది, షానీలు ఒప్పుకోలేదు, చివరికి ఆ కొనుగోలు చెల్లదని, అప్పట్లో కెంటకీ ఎవరి కింద ఉండేదో ఆ వర్జీనియా కూడా కొట్టేసింది. చలికాలంలో వెళ్ళేట్టయితే కోట తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి.

గుడారం అలవాటుంటే పార్కులోని క్యాంప్‌గ్రౌండే మేలు. మేం హైవే పక్కన ఒక మోటల్లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా లారీల మోత.

తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్. ఊరి శ్మశానంలో, నది పైనున్న కొండ అంచున బూన్ దంపతుల సమాధి ఉంది. 1845లో మిజోరీ నుంచి అస్థికలు తెచ్చి ఇక్కడ పెట్టారు. తెచ్చినవి బూన్‌వి కావని మిజోరీ వాళ్ళు ఇప్పటికీ వాదిస్తారు. దీనికి పావుగంట చాలు. ఊళ్ళోనే ఉన్న స్టేట్ హిస్టరీ సెంటర్‌కి మాత్రం సగం రోజు పెట్టుకోండి. నన్ను పట్టుకున్నవి భూమి కాగితాలు. వర్జీనియా 1779లో చేసిన చట్టం ప్రకారం, 1778కి ముందే వచ్చి స్థిరపడ్డవాళ్ళకు 400 ఎకరాలు, ఆనుకుని మరో 1000 ఎకరాలు కొనుక్కునే హక్కు ఇచ్చారు. సర్వే చూస్తే, ఫలానా వాగు దగ్గర ఫలానా చెట్టు నుంచి ఇన్ని పోల్స్ (ఆనాటి దూరం కొలత) అని రాసి ఉంటుంది. అలాంటి హద్దులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మన దగ్గర ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్టరయ్యే గొడవ లాంటిదే. బూన్ స్వయంగా సర్వేయరే, అయినా కేసులు, అప్పులు మీదపడి భూములన్నీ పోగొట్టుకున్నాడు. కోటలో కనిపించే వీరుడి కంటే ఈ కాగితాల్లోని మనిషే నాకు దగ్గరగా అనిపించాడు. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు కెంటకీ ల్యాండ్ ఆఫీసు సైటులో స్కాన్ చేసిన పేటెంట్లు, అంటే ఆనాటి భూమి పట్టాలు చూడొచ్చు. శాకాహారులు లెక్సింగ్టన్‌లోనే తినేసి బయల్దేరండి.

1799లో కుటుంబం, అప్పుడు స్పెయిన్ పాలనలో ఉన్న మిజోరీకి తరలింది. సెయింట్ లూయిస్ నుంచి గంట ప్రయాణంలో, డిఫయన్స్ దగ్గర చిన్న కొడుకు నేథన్ కట్టిన సున్నపురాతి ఇల్లు ఉంది. ఒక్క చోటే చూసే వీలుంటే నా ఓటు దీనికే, ఎందుకంటే ఇది నమూనా కాదు. 1820 సెప్టెంబరు 26న బూన్ పోయింది ఈ ఇంట్లోనే. స్పెయిన్ ఇచ్చిన భూమి కూడా చేజారితే, 1814లో కాంగ్రెస్ కొంత తిరిగిచ్చింది, అది కూడా చాలావరకు కెంటకీ అప్పులకే పోయింది. ఇవన్నీ మనకు తెలిశాయంటే చరిత్రకారుడు లైమన్ డ్రేపర్ పుణ్యం కూడా ఉంది. ఆయన 1851లో నేథన్, ఆలివ్ దంపతులను కూర్చోబెట్టి వివరంగా రాసుకున్నాడు. ఆ రాతప్రతులు విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఉన్నాయి, మైక్రోఫిల్మ్ కాపీలు చాలా లైబ్రరీల్లో దొరుకుతాయి.

ఇంటి లోపలికి గైడుతోనే వెళ్ళాలి. నేథన్ బానిసలను ఉంచుకున్నవాడు, వాళ్ళ గురించి కూడా గైడును అడగండి. మెట్లు ఎక్కువ, అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులుంటే కింది అంతస్తు చూపించి బయట చెట్ల కింద కూర్చోబెట్టడం నయం.