పుట్ ఆఫ్ రాయాలా, పోస్ట్‌పోన్ రాయాలా?

మీటింగ్ వాయిదా వేశామని నలుగురికీ ఇంగ్లీషులో ఒక మెయిల్ పెట్టాలి. అక్కడే చెయ్యి ఆగుతుంది. పుట్ ఆఫ్ అంటే మరీ నోటిమాటలా ఉంటుందేమో, పోస్ట్‌పోన్ అంటే నోటీసు బోర్డులా ఉంటుందేమో. చాలామంది రెండోదానికే మొగ్గుతారు. పెద్ద మాట పడితే ఇంగ్లీషు బాగా వచ్చినట్టు అనే నమ్మకం మనలో పాతుకుపోయింది. నేనూ చాలా ఏళ్లు అలాగే రాశాను. ఇతరుల డ్రాఫ్టులు దిద్దే పని నెత్తిన పడ్డాక గానీ, ఒకటి ఉండాల్సిన చోట రెండోది పెడితే వాక్యం అర్థమే జారిపోతుందని తెలిసిరాలేదు.

పుట్టుకలో మాత్రం ఇద్దరూ అన్నదమ్ములే. పోస్ట్‌పోన్ లాటిన్ మాట. 'పోస్ట్' అంటే తర్వాత, 'పోనెరే' అంటే పెట్టడం. పుట్ ఆఫ్ లోనూ ఉన్నది పెట్టడమే, దూరంగా పెట్టడం. లాటిన్ వాడు ముక్కను ముందు అతికించాడు, ఇంగ్లీషు వాడు వెనక తగిలించాడు. ఇలా క్రియ వెనక చిన్న ముక్క చేరి కొత్త అర్థం ఇచ్చే మాటలను ఫ్రేజల్ వెర్బ్స్ అంటున్నాం. ఆ పేరు 1925లో రచయిత లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. వాడుక మాత్రం పేరు కంటే చాలా పాతది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో మోషేను చెప్పులు విడవమనే చోట ఉన్నది 'పుట్ ఆఫ్ దై షూస్'. అక్కడ పుట్ ఆఫ్ అంటే విడిచెయ్యడం.

ఫ్రేజల్ వెర్బ్ అనగానే మనవాళ్లు బెదిరిపోతారు గానీ, తెలుగులో అలాంటివి రోజూ వాడుతూనే ఉన్నాం. 'ఆరోపణలను కొట్టిపారేశారు' అన్నప్పుడు ఎవరూ దేన్నీ కొట్టలేదు, ఎక్కడా పారెయ్యలేదు. రెండు మాటలు కలిసి మూడో అర్థం ఇచ్చాయి. 'వాయిదా వేయడం'లో వేయడం కూడా అంతే.

ఇక అసలు తేడా. పోస్ట్‌పోన్‌కి మనసు లేదు. తేదీ మారిందని చెప్పి ఊరుకుంటుంది. పుట్ ఆఫ్ ఒక్కోసారి మారిన తేదీతో పాటు మార్చినవాడి మనసునీ బయటపెడుతుంది. 'ఐ కెప్ట్ పుటింగ్ ఆఫ్ ద కాల్' అంటే ఫోన్ చెయ్యడం ఇష్టం లేక రేపు మాపు అంటూ నెట్టుకొచ్చానని. అదే చోట 'ఐ కెప్ట్ పోస్ట్‌పోనింగ్ ద కాల్' అని రాస్తే డైరీలో టైము మార్చుకుంటూ పోయినట్టుంది. వ్యాకరణం రెండింటిలోనూ సరిగ్గానే ఉన్నా, రెండో వాక్యంలో ఆ బద్ధకం, ఆ భయం కనబడవు. అనుభవం రాసేటప్పుడు, కథలో, స్నేహితుడికి రాసే ఉత్తరంలో నా ఓటు పుట్ ఆఫ్‌కే. ఆఫీసు మెయిల్లో 'ఐ హావ్ పుట్ ఆఫ్ ద రివ్యూ' అంటే తప్పు కాదు. అయితే చదివేవాడు కాస్త అనుమానం మనిషైతే 'తప్పించుకుంటున్నాడు' అనుకునే వీలుంది. అక్కడ పోస్ట్‌పోన్ క్షేమం.

రాతలో పుట్ ఆఫ్‌కి ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పుట్ అనే క్రియకు నిన్నా నేడూ ఒకే రూపం. 'దే పుట్ ఆఫ్ ద డిసిషన్' అని ఒంటరిగా ఉంటే, నిర్ణయాన్ని మొన్న వాయిదా వేశారా, ఎప్పుడూ ఇలాగే వేస్తుంటారా? వాక్యం చెప్పదు. మాట్లాడేటప్పుడు సందర్భం ఆదుకుంటుంది. నాలుగు లైన్ల మెయిల్‌కి సందర్భం ఎక్కడిది? పోస్ట్‌పోన్డ్‌లో చివరి 'డ్' ఆ సందేహాన్ని మొదట్లోనే తీర్చేస్తుంది. పుట్ ఆఫే కావాలనుకుంటే పక్కన 'ఎస్టర్‌డే' అనో 'ఎవ్రీ ఇయర్' అనో ఒక కాలం మాట పడాలి.

ఇంతకన్నా ప్రమాదం మనుషుల దగ్గర. పుట్ ఆఫ్‌కి రెండో బతుకు ఉంది. ఉత్సాహం చంపడం, మనసు విరిచెయ్యడం. 'ద టూర్ వజ్ పుట్ ఆఫ్ బై ద రెయిన్' అంటే వాన వల్ల టూరు వాయిదా పడింది. 'ద విజిటర్స్ వర్ పుట్ ఆఫ్ బై ద రెయిన్' అంటే వాన చూసి వచ్చేవాళ్లకు ఆసక్తి పోయింది. 'ఆఫ్-పుటింగ్' అనే విశేషణం ఈ రెండో అర్థం నుంచే వచ్చింది. మొహం తిప్పుకునేలా ఉన్న తీరును అలా అంటారు. ఓసారి ఒక డ్రాఫ్టులో 'ద క్లయింట్ వజ్ పుట్ ఆఫ్' అని ఉంది. రాసిన కుర్రాడు చెప్పదలచుకున్నది క్లయింటు అపాయింట్‌మెంట్ మార్చామని. చదివితే క్లయింటు మనసు కష్టపెట్టినట్టుంది. నిజానికి పుట్ ఆఫ్‌ను మనిషికి వాడి 'మరో రోజు రమ్మన్నాం' అనే అర్థమూ తీస్తారు. అందుకే గందరగోళం ఇంకా ఎక్కువ. నా లెక్క ఇది: వాక్యంలో పుట్ ఆఫ్ అయ్యేది మనిషి అయి, విషయం తేదీ గురించైతే, పుట్ ఆఫ్ జోలికి పోను.

ముక్క ఎక్కడ పెట్టాలన్నది నేర్చుకునేవాళ్లకు పెద్ద టెన్షన్. అంత అక్కర్లేదు. 'పుట్ ఆఫ్ ద మీటింగ్', 'పుట్ ద మీటింగ్ ఆఫ్' రెండూ సరే. సర్వనామం వస్తే మాత్రం మధ్యలోకి దూరాల్సిందే. 'పుట్ ఇట్ ఆఫ్' ఒప్పు, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. కర్మ బారెడు పొడుగుంటే ముక్కను క్రియ పక్కనే ఉంచాలి. 'వుయ్ పుట్ ద మీటింగ్ దట్ వజ్ ప్లాన్డ్ ఫర్ ద న్యూ టీమ్ ఆఫ్' అని రాస్తే చివరి ఆఫ్ దగ్గరికి వచ్చేసరికి చదివేవాడు మొదటి పుట్‌ను మర్చిపోతాడు. పోస్ట్‌పోన్‌తో ఈ బాధే లేదు, అది ఒంటి మాట. రెండింటి తర్వాతా ఇంకో క్రియ వస్తే 'ఇంగ్' రూపమే. 'పుట్ ఆఫ్ రైటింగ్', 'పోస్ట్‌పోన్ రైటింగ్'. 'టు రైట్' అనకూడదు.

నేను దిద్దిన వాటిలో ఎక్కువసార్లు కనబడిన తప్పు ఈ రెండు మాటల మధ్య ఎంపికలో కాదు, తెలుగులోంచి వచ్చింది. మనకు 'వాయిదా వేశారు', 'వాయిదా పడింది' అని రెండు సిద్ధంగా ఉన్నాయి. వేసినవాడి ఊసు ఎత్తకుండా 'పడింది' అనేసి హాయిగా తప్పించుకోవచ్చు. ఆ హాయిని ఇంగ్లీషులోకి మోసుకెళ్లి 'ద ఎగ్జామ్ పోస్ట్‌పోన్డ్ టు మండే' అని రాసేస్తాం. ఇంగ్లీషులో పోస్ట్‌పోన్ తనంతట తాను పడదు, ఎవరో వెయ్యాలి. 'వజ్' లేకుండా కుదరదు. పుట్ ఆఫ్ వాడినా అంతే, 'వజ్ పుట్ ఆఫ్'. పత్రికల హెడింగుల్లో 'ఎగ్జామ్ పోస్ట్‌పోన్డ్' అని చూస్తాం కదా అంటారు. హెడింగులో చోటు కోసం 'వజ్' ఎగరగొడతారు. దాన్ని చూసి వాక్యం రాయడం మొదలుపెడితే ఇదే గతి.

తెలుగు పెట్టే ఇంకో చిక్కు, వాయిదా అనే మాట మోసే బరువు. పరీక్ష వాయిదా, సభ వాయిదా, కేసు వాయిదా, చివరికి అప్పు కట్టే కిస్తీ కూడా వాయిదానే. ఇంగ్లీషు వీటిని విడదీస్తుంది. మొదలు కాకముందే జరిపితే పుట్ ఆఫ్ లేదా పోస్ట్‌పోన్. మొదలై నడుస్తున్న సభను, విచారణను మధ్యలో ఆపి మళ్లీ కలుద్దామంటే అడ్జర్న్. చెల్లింపు, అడ్మిషన్ లాంటివి తర్వాతికి జరిపితే డిఫర్. కిస్తీ అయితే ఇన్‌స్టాల్‌మెంట్. ఇక కాల్ ఆఫ్ అంటే రద్దు. పుట్ ఆఫ్ పక్కన అది కవల పిల్లలా కనబడుతుంది గానీ, ఒకటి బదులు ఇంకోటి రాస్తే జనం రావడమే మానేస్తారు.

'ఫ్రేజల్ వెర్బ్స్ మాట్లాడటానికే, రాయడానికి పనికిరావు' అనే సూత్రం కోచింగుల్లో చెబుతుంటారు. సగమే నిజం. పరిశోధన వ్యాసాల్లో ఇవి సంభాషణలో కన్నా బాగా తక్కువ, అది నిజమే. కానీ క్యారీ ఔట్, పాయింట్ ఔట్ లాంటివి ఆ వ్యాసాల్లోనే దర్జాగా తిరుగుతున్నాయి. కాబట్టి ఒక్కో మాటను విడిగా తూచాలి. పుట్ ఆఫ్‌ను తూస్తే, దాన్నుంచి తేలిగ్గా నామవాచకం తియ్యలేం. 'పోస్ట్‌పోన్‌మెంట్ నోటీస్' ఉంటుంది, 'పుట్ ఆఫ్ నోటీస్' అనరు. రకరకాల దేశాలవాళ్లు చదివే మెయిల్ అయితే ఇంకో కారణం కూడా ఉంది. స్పానిష్ వాడికి తన 'పోస్పోనేర్' ఉంది కాబట్టి పోస్ట్‌పోన్ చూడగానే తెలుస్తుంది. పుట్, ఆఫ్ విడివిడిగా తెలిసినా కలిపితే ఏమవుతుందో అతనికి వెంటనే తట్టకపోవచ్చు.

రెండూ వద్దనుకుని 'మూవ్‌డ్' రాసేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా దగా. బుధవారం మీటింగును రెండు రోజులు 'మూవ్‌డ్ ఫార్వర్డ్' చేశారంటే కొత్త రోజు ఏది? మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే ప్రశ్న వేసి చూశారు. సోమవారం అన్నవాళ్లూ ఉన్నారు, శుక్రవారం అన్నవాళ్లూ ఉన్నారు. మన 'ముందుకు జరిపారు' కూడా అంతే, ముందు అంటే మునుపా, ఎదురా? అనుకున్న రోజు కంటే ముందే పెట్టుకోవడానికి మనం వాడే ప్రీపోన్ ఈ విషయంలో నయం, అర్థంలో తికమక లేదు. బయటి దేశాల పాఠకుడికి మాత్రం అది కొత్త, 'బ్రింగ్ ఫార్వర్డ్' అంటే అతనికి తెలుస్తుంది. తర్వాతి రోజుకి మార్చడానికి మాత్రం నా నోటీసులో 'పోస్ట్‌పోన్డ్ ఫ్రమ్ వెడ్నెస్‌డే టు ఫ్రైడే' అని పాత రోజు, కొత్త రోజు రెండూ ఉంటాయి. పుట్ ఆఫ్ రాసిన చోట 'అంటిల్ ఫ్రైడే' అంటాను, దాని పక్కన 'టు' కన్నా అదే బాగా ఒదుగుతుంది.