మైపాడు, జొన్నవాడ, పెంచలకోన: కీమో మధ్యలో అమ్మతో మూడు ప్రయాణాలు

అమ్మకు రొమ్ము క్యాన్సర్. నెల్లూరులో కీమో నడుస్తుండగా, ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్లను ఉచితంగా బయటికి తీసుకెళ్లే ఒక చిన్న సేవా బృందం గురించి పక్క బెడ్ ఆమె చెప్పింది. వాళ్లతో మూడుసార్లు వెళ్లాం.

ఫోన్ చేయగానే వాళ్లు ముందు అడిగింది ఊరూ పేరూ కాదు, "కీమో ఏ తారీఖున ఎక్కించారమ్మా?" అని. ఒకసారి ఎక్కించాక మళ్లీ ఎక్కించేదాకా ఉండే 21 రోజుల సైకిల్‌లో, రెండో వారంలో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జనంలోకి వెళ్తే ఇన్‌ఫెక్షన్ భయం. అందుకే మూడో వారంలోనే తీసుకెళ్తారు, అదీ కొత్త బ్లడ్ రిపోర్టు, డాక్టరు చీటీ చూశాకే. మొదటిరోజు బస్సు దగ్గర ఒకాయనకు థర్మామీటర్ పెడితే 100.4 దాటింది. ఆయన బతిమాలినా ఎక్కించుకోలేదు, ఆటోలో నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాకు వాళ్లమీద గురి కుదిరింది అక్కడే.

బస్సులో సెంటు సీసా, అగరుబత్తీ ముందే తీసేశారు. కీమోలో వాసనలు పడవు కదా. తోడు వచ్చే ఆడవాళ్లను మల్లెపూలు పెట్టుకు రావద్దన్నారు. కారం లేని వేడి ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం, కాచి చల్లార్చిన నీళ్లు. నోరు పూసినవాళ్లు కూడా తినగలిగారు.

మూడిట్లో నాకు బాగా నచ్చింది మైపాడు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లే కాబట్టి ఒళ్లు అలిసేలోపే చేరిపోతాం. ఎండ తగ్గాక, నాలుగింటికి దిగాం. ఇసుకలో వీల్‌చైర్ కదలదు. నలుగురు పిలకాయలు కుర్చీతో సహా మోసుకెళ్లి నీళ్ల దగ్గర దించారు. బాత్రూమ్ కోసం దగ్గరలో ఒక గది ముందురోజే మాట్లాడి పెట్టారు. రేడియేషన్ తీసుకుంటున్నవాళ్లను, అది ఇచ్చిన చోట చర్మానికి ఉప్పునీళ్లు తగలకుండా వెనక్కి కూర్చోబెట్టారు.

కీమో మందుకి అమ్మ పాదాలు మొద్దుబారిపోయి ఉన్నాయి. ఇంట్లో చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. చెరో రెక్క పట్టుకుని అలల్లో నిలబెట్టాం. మొదట నీళ్లు తగిలింది కూడా తెలియలేదంది. అల వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "కాళ్ల కింద ఇసక పోతా ఉండాదే, తెలస్తా ఉండాది" అంది. అట్లాగే అరగంట నిలబడింది. నేను ఫోటో తీయడం మర్చిపోయాను.

జొన్నవాడ అమ్మ కోరిక. పెన్న ఒడ్డున కామాక్షమ్మ గుళ్లో జబ్బుపడినవాళ్లు నిద్ర చేయడం మా వైపు ఎప్పటినుంచో ఉన్న నమ్మకం. అందరి మధ్యా పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. బృందంవాళ్లు ఆ మాటను తీసిపారేయలేదు, అమ్మ కోరికనూ కొట్టిపారేయలేదు. గుడి దగ్గరే విడిగా గది తీసుకుని, దుప్పట్లు ఉతికినవి తెచ్చారు. తెల్లవారుజామున జనం రాకముందే దర్శనం చేయించారు. అమ్మ చాలా రోజుల తర్వాత మధ్యలో లేవకుండా నిద్రపోయింది.

పెంచలకోన మాత్రం కీమోలో ఉన్నవాళ్లకు వద్దంటాను. నరసింహస్వామి గుడి, చుట్టూ కొండలు కళ్లకు హాయిగా ఉంటాయి, కాదనను. కానీ పోనూ రానూ ప్రయాణానికే నాలుగు గంటలు పట్టింది. మధ్యలో ఇద్దరికి వాంతులు. రాత్రికి ఇచ్చిన బసలో గదులు పై అంతస్తులో, లిఫ్టు లేదు, కింద కూర్చునే బాత్రూమ్. మోకాళ్లలో బలం లేని మనిషి అక్కడ లేవలేదు. అమ్మను లేపడానికి నేనూ ఇంకో అక్కా పడ్డ అవస్థ చెప్పలేను. ముందు వెళ్లి గది చూసిరాకపోవడం బృందం పొరపాటే. మైపాడులో చేసిన పని ఇక్కడ ఎందుకు చేయలేదని అడిగాను. వాళ్లు సాకులు చెప్పలేదు. ఇకమీదట బాత్రూమ్ చూడకుండా ఏ బసా ఖాయం చేయబోమన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా అది మంచి పద్ధతే.

ఇలా వెళ్లేవాళ్లు రిపోర్టులు, వాంతుల మాత్రలు, మాస్కు, ఒక జత బట్టలు దగ్గరుంచుకోండి. ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు తోడు వచ్చేవాళ్ల ఫోన్‌లో కూడా ఉండాలి.

అమ్మకు ఇంకో సైకిల్ మిగిలింది. దాని మూడో వారానికి మళ్లీ మైపాడుకే పేరు రాయించాం.