ఈఎంఐ మీద ఫోన్ కొంటున్నారా? దాంతోపాటు అంటగట్టే కార్డుతో జాగ్రత్త

పండగ ఆఫర్లలో ఫోనో టీవీయో ఈఎంఐ మీద తీసుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి. షోరూంలో లోన్ ఫారం నింపే కుర్రాడు వరసగా రెండు మూడు ఓటీపీలు అడుగుతాడు. అందులో ఒకటి క్రెడిట్ కార్డుకి. అడిగితే 'ఫ్రీయేనండి' అంటాడు. ఫ్రీ మొదటి ఏడాదికేనన్న ముక్క మాత్రం మింగేస్తాడు.

మా తమ్ముడికి అలాగే అంటగట్టారు. ఫోన్ ఈఎంఐలన్నీ టంచనుగా కట్టాడు. కార్డు ఒక్కసారి కూడా గీకలేదు. రెండో ఏడు 499 రూపాయల వార్షిక ఫీజు, దాని మీద జీఎస్టీ పడ్డాయి. బిల్లేమో వాడు ఎప్పుడూ తెరవని మెయిల్‌కి వెళ్లింది. ఇంటి లోన్‌కి వెళ్తే మేనేజర్ సిబిల్ రిపోర్టు, అంటే వాడి అప్పుల చరిత్ర చూపించాడు. ఫోన్ లోన్ కింద నెలనెలా గళ్లలో 000, 000. కార్డు కింద 030, 060, 090. అవి బాకీ నిలిచిన రోజులు. ఆ గడిలో ఐదొందల బాకీ అయినా ఐదు లక్షల బాకీ అయినా పడేది అదే అంకె. ఈ చరిత్రను బట్టి ఇచ్చే స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే మంచిదంటారు. వాడిది 640 దగ్గర ఆగింది.

అసలు గొయ్యి ఆ తర్వాత ఉంది. రికవరీ ఏజెంటు ఫోన్ చేసి 'సగం కట్టండి సార్, క్లోజ్ చేసేస్తాం' అన్నాడు. ఎవరూ ఒప్పుకోకండి! సగం కడితే రిపోర్టులో 'క్లోజ్డ్' అని పడదు, 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా ఎగ్గొట్టకపోయినా పూర్తిగా కట్టలేదని బ్యాంకులకు అర్థం. ఫీజు తీసేయమని ముందు మెయిల్‌లో అడగండి. కుదరదంటే మొత్తం కట్టి, ఇక బాకీ లేదని రాసిచ్చే ఎన్ఓసీ చేతికి తీసుకోండి. మావాడు అదే చేశాడు. అయినా పాత గళ్లు వెంటనే చెరిగిపోవు, మూడేళ్ల చరిత్ర కనిపిస్తూనే ఉంటుంది.

ఇంత టెన్షన్‌లో ఉండగా, డబ్బిస్తే స్కోరు పెంచుతామనే ఏజెంట్లు దిగుతారు. నిజంగా తప్పు పడి ఉంటే దిద్దించుకోవడానికి పైసా అక్కర్లేదు. ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు మీకే చెల్లించాలని రిజర్వు బ్యాంకు రూలు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్నది ఉత్త పుకారు.

ఇప్పటికే ఇలాంటి కార్డు బీరువాలో పడి ఉంటే ఇవాళే మూసేయమని కార్డిచ్చినవాళ్లకి రాయండి. బాకీ లేనప్పుడు 7 పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున వాళ్లే మీకివ్వాలి.